ఒక్కో ఫ్యాన్‌కు రెండేసి వైర్లు

పక్క తలుపు గాజుది వచ్చాక కంప్యూటర్ క్యాబినెట్‌తో మనకున్న సంబంధమే మారిపోయింది. అంతకుముందు అది బల్ల కింద కాళ్ల దగ్గర పడి ఉండే రేకు పెట్టె. ఇంట్లోవాళ్లు దాన్ని ‘సీపీయూ’ అనేవారు. లోపల ఏముందో రిపేరు కుర్రాడికి తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు పిల్లలు దాన్ని బల్ల మీదికి ఎక్కించారు. లోపలికి తొంగి చూస్తున్నారు, చూసింది నచ్చకపోతే స్క్రూడ్రైవర్ అందుకుంటున్నారు. రంగు లైట్లను కుర్రచేష్టగా తీసిపారేసే పెద్దవాళ్లతో నా పేచీ ఇక్కడే. ఆ లైట్ల మీద మోజే లేకపోతే చాలా ఇళ్లలో ఆ తలుపు ఒక్కసారైనా తెరుచుకునేది కాదు.

ఈమధ్య మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లాను. ఏ షాపు ముందు నిలబడినా ఫ్యాన్లు ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగులు మార్చుకుంటూ తిరుగుతూనే ఉంటాయి.

“మావయ్యా, ముందు మూడు, పైన రెండు, వెనక ఒకటి. అద్దంలోంచి అదిరిపోతుంది” అన్నాడు.

“వైర్లు ఎన్నవుతాయో లెక్క చూశావా?”

“ఆరు ఫ్యాన్లకు ఆరు.”

“కాదురా, పన్నెండు.”

వాడు నమ్మలేదు. పెట్టె విప్పించి చూపించాక ఒప్పుకున్నాడు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముడి ఇదే. వెలుగు కావాలంటే వైర్లు పెరుగుతాయి, పెరిగిన ప్రతి వైరునూ ఆ వెలుగే బయటపెడుతుంది. అందుకే లైటు ఫ్యాన్లు బిగించడం, కేబుళ్లు సర్దడం అనేవి రెండు పనులుగా నాకెప్పుడూ అనిపించవు.

రెండు వైర్లు ఎందుకంటే, వెనకటి ఎల్‌ఈడీ ఫ్యాన్లు గుర్తున్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. వాటిలో చాలావాటికి మోటారూ లైటూ ఒకే కరెంటు మీద బతికేవి. చప్పుడు తగ్గుతుందని వేగం తగ్గిస్తే ఓల్టేజీ పడిపోయి లైటు కూడా మసకబారేది. ఇప్పుడు ఎవరి దారి వారిది. మోటారుకు నాలుగు పిన్నుల వైరు: అందులో 12 ఓల్టులు ఎప్పుడూ నిలకడగా ఉంటాయి, నాలుగో తీగ మీద సెకనుకు 25 వేల సార్లు ఆన్-ఆఫ్ సంకేతం వెళ్తూ వేగాన్ని నడిపిస్తుంది. అంత ఎక్కువ ఎందుకంటే మనిషి చెవి 20 వేలకు మించి వినలేదు, కాబట్టి ఆ సంకేతపు కూత గదిలో ఎవరికీ వినిపించదు. ఇంత చిన్న వస్తువులో మన చెవిని కూడా దృష్టిలో పెట్టుకుని రూపకల్పన చేసినవాళ్లంటే నాకు గౌరవం.

రెండోది లైటు వైరు, మూడు పిన్నులది. 5 ఓల్టులు, గ్రౌండు, మధ్యలో సమాచారం మోసే ఒకే ఒక్క తీగ. ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్రతి బుల్లి ఎల్‌ఈడీలోనూ ఒక చిప్పు ఉంటుంది. మొదటి ఎల్‌ఈడీ వచ్చిన వరసలోంచి తనకు చెందిన 24 బిట్లు ఉంచుకుని మిగిలింది పక్కదానికి పంపుతుంది, విందులో తాంబూలాల పళ్లెం చేతులు మారినట్టు. రంగుకు 8 బిట్ల చొప్పున ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మొత్తం కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు. ఈ మూడింటిలో నీలమే చివరగా దారికొచ్చింది. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని జపాన్‌లో షూజీ నకమురా 1993లో చూపించారు. ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిపి ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. అదే లేకపోతే తెల్ల ఎల్‌ఈడీ బల్బూ లేదు, సీటీసీలో ఈ హరివిల్లూ లేదు.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. మదర్‌బోర్డు మీద లైట్ల కోసం రెండు రకాల సాకెట్లు ఉండొచ్చు. నాలుగు పిన్నులున్నది 12 ఓల్టులది, పాత పద్ధతి. దానికి తగిలించిన లైట్లన్నీ ఒకేసారి ఒకే రంగులో వెలుగుతాయి. నాలుగు చోట్లలో ఒక పిన్ను లేకుండా ఉన్నది 5 ఓల్టులది. 5 ఓల్టుల లైటును బలవంతాన 12 ఓల్టుల పిన్నుల మీద నొక్కితే లైట్లు మాడిపోతాయి. పక్కన సన్నటి అక్షరాలతో ఓల్టేజీ రాసే ఉంటుంది. టార్చి వేసి చదవాలి. ఫ్యాన్ సాకెట్‌కూ హద్దుంది: మామూలుగా ఒక ఆంపియరు. ఆరు ఫ్యాన్లను ఒకే సాకెట్ మీద వేలాడదీసేకంటే, క్యాబినెట్ మొత్తానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ ఒకటి పెట్టుకోవడం నయం. పన్నెండు వైర్లూ ఆ హబ్ దగ్గరికే చేరతాయి, సర్దడం కూడా తేలికవుతుంది.

రంగుల కంటే ముందు గాలి సంగతి తేల్చుకోవాలి. ఏ ఫ్యానూ క్యాబినెట్ లోపలి వేడిని గది వేడికంటే కిందికి దించలేదు. మే నెలలో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే లోపలికి వెళ్లే గాలీ 38 డిగ్రీలే. మనం చేయగలిగిందల్లా ఆ గాలిని ఆగకుండా నడిపించడం. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి. ఫ్యాన్‌కు మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ కాళ్లు ఏ వైపున ఉంటే గాలి ఆ వైపుకు వెళ్తుంది. లోపలికొచ్చే గాలి బయటికెళ్లే దానికంటే కాస్త ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల్లోంచి దూరదు, జాలీ మీదే ఆగుతుంది. చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక అపార్ట్‌మెంటు కడుతూనే ఉండే మన నగరాల్లో ఈ చిన్న తేడా ఎంతో పని చేస్తుంది.

కేబుళ్లు సర్దితే మిషన్ చల్లబడుతుందని చాలామంది అంటారు. అరచేతి వెడల్పు బూడిదరంగు పట్టీ కేబుళ్లు గాలికి అడ్డంగా వేలాడిన రోజుల్లో ఆ మాటకు కొంత అర్థముండేది. 2003 తర్వాత సన్నటి శాటా కేబుళ్లు వచ్చాయి, ఆపైన వైర్లన్నీ మదర్‌బోర్డు పలక వెనక నుంచి నడిపే క్యాబినెట్లు వచ్చాయి. ఇప్పుడు ఎంత సర్దినా థర్మామీటర్‌లో కనిపించే తేడా అంతంతమాత్రమే. అయినా నేను గంటల తరబడి సర్దుతాను. ఒక ఫ్యాన్ ఆగిపోయిన రోజు దాని వైరు ఏదో వెతుక్కోకుండా చేతికి రావాలి. దుమ్ము ఊదేటప్పుడు ఏ వైరూ రెక్కలకు తగలకూడదు. నా తర్వాత ఆ మిషన్ విప్పేవాళ్లు, వాళ్లెవరైనా సరే, ముందున్నవాడి మీద విసుక్కోకూడదు.

దీనికి ఒక క్రమం ఉంది. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల వైరును అన్నిటికంటే ముందు లాగాలి. దాని కన్నం పైమూలన ఉంటుంది, అక్కడ ఫ్యాన్ బిగించాక వేళ్లు పట్టవు. తర్వాత లావుపాటి 24 పిన్నులది. ముందు ప్యానెల్ నుంచి వచ్చే యూఎస్‌బీ వైరు మొండిది, మెడ తిరగదు. పక్కకు లాగితే బోర్డు మీద పిన్నులు వంగుతాయి. ఫ్యాన్ వైర్లు ఆఖర్న. ప్రతిదాని కొసనా కాగితం టేపు చుట్టి ‘ముందు-కింద’, ‘పైన-వెనక’ అని తెలుగులోనే రాస్తాను. కట్టడానికి ప్లాస్టిక్ కేబుల్ టైల కంటే వెల్క్రో పట్టీలే నాకు నచ్చుతాయి. విప్పాల్సి వచ్చినప్పుడు కత్తెర అక్కర్లేదు, కోసిన కొస చేతికి గీరుకోదు.

బిగించి లాగడం మాత్రం వద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీణ తీగల్లా బిగిస్తే నీటుగా ఉందనుకుంటారు. ప్లగ్గు దగ్గర వైరుకు కాస్త వదులు ఉండాలి. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డుల కొత్త కరెంటు ప్లగ్గులు కొన్ని కరిగిపోయాయి. ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం ఒక ముఖ్య కారణమని ఎన్విడియా చెప్పింది. అందుకే అద్దం మూయడానికి ముందు ప్రతి ప్లగ్గునూ బొటనవేలితో మరోసారి నొక్కి చూడమని మా వాడికి చెప్పాను. చూశాడు. ఒకటి ‘టిక్’మని అప్పుడు దిగింది.

రంగుల దగ్గర మాత్రం మేమిద్దరం కలవలేదు. వాడికి హరివిల్లు చక్రంలా తిరగాలి. నాకు ఆరు ఫ్యాన్లూ ఒకే పసుపు ఛాయలో, వెలుగు సగానికి తగ్గించి, కదలకుండా ఉంటే హాయి. మిషన్ వాడిది కాబట్టి హరివిల్లే పెట్టాం. చదువుకునే గంటల్లో ఆపేస్తానని మాటిచ్చాడు.

పని అయ్యాక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన విడి కేబుళ్లు కొన్ని మిగిలాయి. మా వాడు వాటిని పాత కేబుళ్ల డబ్బాలో కలపబోతుంటే ఆపాను. హార్డ్‌డిస్కు వైపు ప్లగ్గులు అన్ని కంపెనీలవీ ఒకేలా ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. వేరేదాని కేబుల్ సరిగ్గానే దిగుతుంది, 5 ఓల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి, డిస్కుతోపాటు అందులో దాచుకున్న ఫొటోలూ పోతాయి. మా వాడు వాటిని ఒక సంచీలో వేసి, పైన ఎస్‌ఎంపీఎస్ మోడల్ పేరు పెద్ద అక్షరాలతో రాసి, క్యాబినెట్ వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టాడు. రేపు ఆ ఎస్‌ఎంపీఎస్‌ను ఎవరికైనా అమ్మితే ఆ సంచీ కూడా వెంటే ఇవ్వాలి.