సాక్షిధర్మము - వివియన్ బుల్వింకెల్ చరిత్రము

సాక్షిశబ్దము లోకమున న్యాయస్థానమందు మాట చెప్పువానియెడ రూఢమై యున్నది. పాణిని మాత్రము 'సాక్షాత్' అను నవ్యయముమీఁద ద్రష్ట యను నర్థమున ఇనిప్రత్యయమును విధించి యా శబ్దమును సంజ్ఞగా సాధించెను. కావునఁ జూచుటయే సాక్షికి ముఖ్యధర్మము; చెప్పుట తరువాతిది. ఈ భేద మెంత యక్కఱకు వచ్చునో ఆస్ట్రేలియా సైనికోపచారిక వివియన్ బుల్వింకెల్ (1915-2000) చరిత్రమునుగూర్చిన గ్రంథములను జదువునపుడు తేటపడును.

1942 ఫిబ్రవరి 12వ తేదీన, సింగపూరు పతనోన్ముఖమై యుండఁగా, 65 మంది ఆస్ట్రేలియా యుపచారికలు 'వైనర్ బ్రూక్' అను నోడపై నచ్చోటు వీడిరి. 14వ తేదీన జపాను విమానములు దానిని బంకాద్వీపసమీపమున ముంచెను. 12 మంది సముద్రమునఁ గడతేఱిరి. 22 మంది రాజీ యను తీరముఁ జేరిరి. 16వ తేదీన జపాను సైనికు లచ్చటికి వచ్చి, మొదటఁ బురుషులను వేఱుగాఁ గొనిపోయి చంపి, పిదప నుపచారికలను నీటిలోనికి నడిపించి వెనుకనుండి మరతుపాకితోఁ గాల్చిరి. 21 మంది మరణించిరి. బుల్వింకెల్ నడుముప్రక్కగాఁ దూటా దూసిపోయినను, శవమువలె నీటఁ దేలియుండి బ్రదికెను. గాయపడిన యొక బ్రిటిషు సైనికునితో సుమారు 12 దినము లడవిలో దాఁగి, వానికి శుశ్రూష చేసి, తుదకు శత్రువునకే లోఁబడవలసివచ్చెను. ఆ సైనికుఁ డనతికాలముననే చనిపోయెను.

తరువాతి కథ సుప్రసిద్ధము. శిబిరములఁ బడిన 32 మందిలో 8 మంది యచ్చటనే మృతులైరి. 1945లో 24 మంది స్వదేశముఁ జేరిరి. 1946లో నామె టోక్యో న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. 1947లో రాయల్ రెడ్ క్రాసు రెండవ తరగతి బిరుదమును, ఫ్లారెన్సు నైటింగేల్ పతకమును బడసెను.

ఆమె స్వీయచరిత్రమును బ్రకటింపలేదు. విమర్శకునికి ముఖ్యమైన చిక్కిది. బెట్టీ జెఫ్రీ శిబిరమున రహస్యముగా వ్రాసికొన్న దినచర్య 'వైట్ కూలీస్' అను పేర 1954లో వెలువడినది. జెఫ్రీ రాజీతీరమున లేదు. ఆకలి, వ్యాధి, చెలుల మరణములు ఆమె కన్నులఁ జూచినవి. ఆ గ్రంథమునకు బల మదియే. ఉపచారికల వధవిషయమున నన్ననో యే గ్రంథకర్తకైనను మూల మొక్క బుల్వింకెల్ వాక్కే. ఆ నిమిషమున మృతు లేమి పలికిరో, ఏమి తలఁచిరో వ్రాయు ప్రతివాక్యమును ఆ మూలముతో ముడిపడవలెను. ముడిపడని సంభాషణములు కావ్యమునకు సొంపైన నగుఁ గాక, చరిత్రమునఁ బ్రక్షిప్తములు.

ఇఁక మౌనవిషయము. శిబిరమున నామెయుఁ జెలులును ఆ వధను బైట పెట్టరైరి. చూచినయామె జీవించి యున్నదని తెలిసినచో నందఱి ప్రాణములకును ముప్పు. తూటా చేసిన రంధ్రమును నీటిసీసాతోఁ గప్పికొన్నదఁట! ఈ మౌనమున దోషశంకకుఁ దావు లేదు. రెండవ మౌనమే వివాదాస్పదము. వధకుముందు స్త్రీలు మానభంగమునకు గుఱియైరనియు, దానిని జెప్పవలదని సైన్యాధికారు లామె నాజ్ఞాపించిరనియు లినెట్ సిల్వర్ 2019లోఁ బ్రకటించిన గ్రంథమున వాదించెను. బుల్వింకెల్ తనతోనే యీ మాట చెప్పెనని యొక పత్రికారచయిత్రియుఁ బలికినది. ఇది శ్రుతము, దృష్టము గాదు. అంతమాత్రమునఁ ద్రోసిపుచ్చఁదగదు, మనువు చూచినదానివలనను వినినదానివలనను సాక్ష్యము సిద్ధించు నన్నాఁడు గదా. అయినను, విన్నవారి మాటను చూచినయామె మాటతో నొక్కపంక్తిఁ గూర్చి, భేదము చెప్పక వ్రాయుట పాఠసంకరమే.

తెలిసియుఁ జెప్పనివాఁడు పాపి యని మనువే యనెను గాన, ఆ దోష మీమెకు సంక్రమించునా యని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రకరణముననే యధర్మమున నొక పాలు కర్తకు, ఒకటి సాక్షికి, ఒకటి సభ్యులకు, ఒకటి రాజునకు నని విభాగము గలదు. సిల్వర్ వాదము నిజమైనచో, రాజాజ్ఞచే నోరు కట్టఁబడిన సాక్షి పాలు సయితము ఆజ్ఞాపించినవారినే చేరవలెను. ఆమెను వీరవనితగాఁ గీర్తించి యీ ప్రశ్నను దాఁటిపోవు చరిత్రకారుఁడు, ఎంత భక్తితో వ్రాసినను, ఆ యాజ్ఞకే మరల లోఁబడినవాఁ డగుచున్నాఁడు.