వరుస తెలిసిన చెయ్యి

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల నీడలో వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ పాలీహౌస్‌లు. అలాంటి ఒకదానిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేమ సెన్సర్ పలికేది కాదు. బోర్డును రీబూట్ చేస్తే మాత్రం బాగానే ఉండేది. సెన్సర్ పాడైందనుకున్నాం.

డ్రైవర్లు రాసే కుర్రాడొచ్చి ల్యాప్‌టాప్ తగిలించి, బూట్ లాగ్‌లో ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు. సెన్సర్ డ్రైవర్ ముందే లేచింది. సెన్సర్‌కు కరెంటు అందించే రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా లేవలేదు. రీబూట్‌లో ఆ కరెంటు తెగదు కాబట్టి తప్పు దాక్కుంది.

చాలామంది ఇక్కడ అర సెకను డిలే పెట్టి చేతులు దులుపుకుంటారు. అతను ఒప్పుకోలేదు. కావలసింది సిద్ధంగా లేకపోతే డ్రైవర్ ‘తర్వాత పిలువు’ అని చెప్పే పద్ధతి, ప్రోబ్ డిఫర్, లైనక్స్‌లో 2012లోనే 3.4 వెర్షన్‌తో వచ్చింది. మరో డ్రైవర్ కుదురుకోగానే కెర్నల్ మళ్లీ పిలుస్తుంది. మన సెన్సర్ డ్రైవర్ ఆ జవాబును కెర్నల్‌కు చెప్పకుండా మింగేస్తోంది. దాన్ని పైకి పంపించాడు. మార్పు నాలుగు లైన్లే.

తర్వాత ఇరవైసార్లు మెయిన్ స్విచ్ కట్టేసి, వేసి చూశాడు. నాకు ఆ ఓపికే గొప్పగా తోచింది. ఇరవయ్యోసారీ సెన్సర్ పలికింది, గులాబీలకు డ్రిప్ మొదలైంది.