ఒక్కలాంటివి మూడు

ఇంగ్లండ్‌లో వేసవి చివరి వారాల్లో ఊరూరా కూరగాయల పోటీలు జరుగుతాయి. చర్చి హాల్లోనో, ఊరి మైదానంలో వేసిన గుడారంలోనో పొడవాటి బల్లలు పరుస్తారు. మేముండే డర్హమ్ ప్రాంతంలో వీటికి పండగంత హడావిడి. ఇక్కడ ఊరుమ్మడి స్థలంలో ఒక మడి అద్దెకు తీసుకుని, కొత్తిమీర, మెంతికూరతో మొదలుపెట్టిన నేను ఇప్పుడు ఉల్లిపాయల పోటీ దాకా వచ్చాను.

కూరగాయల పోటీ అంటే అందరికంటే పెద్ద గుమ్మడికాయ ఎవరిదన్న పందెమని చాలామంది అనుకుంటారు. అలాంటివీ ఉన్నాయి, వాటి బల్ల వేరు. నా మనసంతా కూరగాయలను పళ్లేల్లో పేర్చి పెట్టే బల్ల మీదే. పోటీ జాబితాలో ‘ఉల్లిపాయలు మూడు’ అని ఉంటే ఆ మూడూ ఆకారంలో, రంగులో, పరిమాణంలో ఒక్కలా ఉండాలి. రెండు భారీవి పెట్టి మూడోది కాస్త చిన్నది పెడితే మార్కులు పోతాయి. గుత్తి వంకాయ కూరకు బుట్టలోంచి సమానమైన కాయలు ఏరడం తెలిసినవాళ్లకు ఈ విద్య సగం వచ్చినట్టే. లెక్క కూడా తప్పకూడదు. నాలుగు అడిగినచోట అయిదు పెడితే, అవెంత బాగున్నా, న్యాయనిర్ణేత నిబంధన ప్రకారం లేవని చీటీ మీద రాసి ముందుకు వెళ్లిపోతారు.

ఒక్క పెద్ద కాయ అదృష్టం కొద్దీ కాయవచ్చు. ఒక్కలాంటివి మూడు అలా రావు. అందుకే ఈ పోటీ అంటే నాకింత గౌరవం.

బఠానీ సంగతే చూడండి. కాయ మీద సన్నని బూడిద పూతలాంటిది ఉంటుంది. వేలు తగిలితే చెరిగిపోతుంది. అందుకే తొడిమె పట్టుకుని కత్తెరతో కోస్తారు. కోసిన కాయను వెలుతురుకు అడ్డంగా పట్టి లోపల గింజలు నిండుగా ఉన్నాయా, మధ్యలో ఖాళీ ఉందా, పురుగుందా అని చూస్తారు. పొడుగు క్యారట్‌కు ఇంకా కష్టపడాలి. పీపా నిండా ఇసుక పోసి, గడ్డపారతో లోతుగా గరాటులాంటి గుంత చేసి, అందులో జల్లించిన మెత్తటి మట్టి నింపి విత్తుతారు. చిన్న రాయి అడ్డం వచ్చినా వేరు చీలిపోతుంది మరి. పెద్ద ఉల్లికైతే క్రిస్మస్ రోజుల్లోనే విత్తనం వేసి, దీపం వెలుగులో నారు పెంచుతారు.

ఒకప్పుడు బొగ్గు గనులుండే మా డర్హమ్ ఊళ్లకు అసలైన గర్వం లీక్. ఉల్లి జాతిదే, లావాటి తెల్లకాడ, వెడల్పాటి ఆకులు. డర్హమ్, నార్తంబర్లాండ్ గని కార్మికులు దీనికోసం క్లబ్బులే పెట్టుకున్నారు. గెలిచినవాళ్లకు ఇంటి సామాన్లు బహుమతిగా ఇచ్చేవారు. పోటీ ఎంత గట్టిదంటే, ఓర్వలేక రాత్రిపూట ఎదుటివాడి మొక్కలు కోసేసిన సంఘటనలున్నాయి. అందుకే పోటీ దగ్గరపడితే తోటలో కాపలా కాసేవారు. పొట్టి రకం లీక్‌కు తెల్లకాడ ఆరంగుళాలు మించకూడదు, దాన్ని ఘనపుటంగుళాల్లో కొలుస్తారు. విత్తనంతో పెంచితే మొక్కలు తలో తీరుగా వస్తాయి. అందుకని మేలైన మొక్క పూలగుత్తిలో పూలు కత్తిరించేసి, ఆ చోట పుట్టే బుల్లి పిలకలను నాటుకుంటారు. అవి అచ్చం తల్లిలాగే వస్తాయి. గనిలోంచి పైకొచ్చి, మిగిలిన కాస్త పగటి వెలుగులో ఈ పని చేసుకున్నారంటే వాళ్లకు మొక్క మీద ఎంత మమకారమో!

కంటికే తప్ప నోటికి కాదు ఈ కూరగాయలు అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. పోటీ ఉల్లికి ఘాటు తక్కువ, మన పులుసులోకి అంతగా నప్పదు. అయినా మూడు సరిజోడు కాయల కోసం మడిలోని ప్రతి మొక్కనూ రోజూ చూసినవాడికి ఆకు రంగు మారడం, నీరు ఎక్కువవడం అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ చూపు వంటింటి పంటకూ పనికొస్తుంది.

మన ఊళ్లలో ఇప్పుడు మిద్దె తోటలు బాగా పెరిగాయి. వాళ్లకో మనవి. వచ్చే సంక్రాంతికి ముగ్గుల పోటీ పక్కనే ఒక బల్ల వేయించండి. వంకాయలు అయిదు, బీరకాయలు మూడు, దోసకాయలు మూడు అని జాబితా రాసి పెట్టండి. తూకం వేయకండి, ఒక్కలా ఉన్నాయో లేదో చూసి బహుమతి ఇవ్వండి.