మారిన సంఖ్యలు – మారవలసిన పట్టికలు

పెద్ద అంబర్‌పేట్ వద్ద విజయవాడ రహదారిని బాహ్యవలయ రహదారి కలియుచున్నది. విజయవాడ నుండి వచ్చు వాహనము అచ్చట దక్షిణముగా పోయిన శంషాబాదు, ఉత్తరముగా పోయిన ఘట్‌కేసర్, తిన్నగా పోయిన ఎల్బీనగర్ చేరును. డ్రైవరునకు తోవ చెప్పునది అచ్చటి సూచిక ఫలకము. ఊళ్లు కదలవు గనుక ఆ ఫలకమును తరచుగా దిద్దవలసిన పని లేదు. ఊళ్లే ప్రతిరాత్రి చోట్లు మార్చుకొనుచుండినచో ఏమగును? మొబైలు టెలిఫోను వ్యవస్థకు వచ్చిన చిక్కు ఇట్టిదే.

స్థిర టెలిఫోను సంఖ్యలో తోవ ఇమిడియున్నది. 040 అనిన హైదరాబాదు, 0866 అనిన విజయవాడ. మొదటి అంకెలను బట్టి ఎక్స్ఛేంజి పిలుపును పంపగలదు. మొబైలు సంఖ్యలలోను తొలుత మొదటి అంకెలు సంస్థను, ప్రాంతమును తెలిపెడివి. సంఖ్య మారకుండ సంస్థను మార్చుకొను సౌకర్యము 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న దేశమంతటను ప్రారంభమైనది. 2015 జూలై 3 నుండి ప్రాంతము మారినను పాత సంఖ్యను నిలుపుకొనవచ్చును. దీనితో సంఖ్య చిరునామా కాక, వట్టి పేరు అయినది.

ఇపుడు తోవ చెప్పునది పట్టిక. సంస్థ మారిన ప్రతి సంఖ్యయు కేంద్ర పట్టికలో నమోదగును. ఆ మార్పు అన్ని సంస్థలకును ప్రసారము కాగా, ప్రతి సంస్థయు తన వద్దనున్న ప్రతిని దిద్దుకొనును. పిలుపు బయలుదేరు చోటనే ఆ ప్రతిని చూచి, చేరవలసిన సంస్థ యొక్క సంకేతమును జతపరచి పంపుదురు.

ఈ పథకమును తప్పుపట్టువారు సాధారణముగా ఆలస్యమును తప్పుపట్టుదురు. 2019 డిసెంబరు 16 నుండి ఒకే ప్రాంతములో మార్పునకు సాధారణ గడువు మూడు పనిదినములు. ఈ గడువు అంకెలు దిద్దుటకు కాదు. కోరినవాడు నిజమైన చందాదారుడా, బాకీలున్నవా అని విచారించుటకు. పైగా 2024 జూలై 1 నుండి, సిమ్ కార్డు మార్చిన పిదప ఏడు దినములు గడువనిదే సంస్థ మార్పునకు సంకేతము ఇయ్యరు. పరుల సంఖ్యను కాజేసి వారి బ్యాంకు సందేశములను అందుకొను మోసగాండ్రకు ఇది అడ్డు.

వేగమే గుణమైనచో ఇంటర్నెట్టు పద్ధతి మేలనవలెను. అచ్చట కేంద్ర పట్టిక లేదు. పొరుగు వలయములు చెప్పిన తోవలను నమ్మి ప్రతి వలయమును తన పట్టికను క్షణములలో దిద్దుకొనును. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశములో యూట్యూబును నిరోధించుటకు కల్పించిన తోవ పొరపాటున బయటికి ప్రకటింపబడెను. పొరుగువారు దానిని నమ్మి వ్యాపింపజేసిరి. సుమారు రెండు గంటలపాటు ప్రపంచమున అనేక చోట్ల యూట్యూబు అందలేదు. ఆ పట్టికలు పాతబడి చెడలేదు. అబద్ధమును వెంటనే వ్రాసికొని చెడినవి. అందువలననే చిరునామాల హక్కుదారును సంతకముతో రుజువుచేయు ఏర్పాటు తరువాత వ్యాప్తికి వచ్చినది.

కనుక సంఖ్య మార్పు పథకములో ఆలస్యము దోషము కాదు. అసలు దోషము వేరొకటి. పట్టికకు ప్రతులు అనేకము. ఒక్క సంస్థ తన ప్రతిని దిద్దుకొననిచో, ఆ సంస్థ నుండి వచ్చు పిలుపులు మాత్రమే పాతతోవను పోయి దారితప్పును. తక్కినవారి పిలుపులు సరిగా వచ్చుచుండును గనుక చందాదారుడు తన ఫోను బాగుగనే ఉన్నదనుకొనును. రాని పిలుపును ఎవరు లెక్కింతురు? ఆసుపత్రి నుండి రావలసిన కబురు గాని, బ్యాంకు పంపిన రహస్య సంకేతము గాని అందనపుడే లోపము బయటపడును. సంఖ్య మారినదని చందాదారునికి తెలుపుట చాలదు. ప్రతులన్నియు దిద్దబడినవని కూడ తెలుపవలెను. అంతవరకు పథకము సగమే పూర్తియైనట్లు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. నలుగురు విద్యార్థులకు, ఎవరు ఏ బల్లవద్ద కూర్చున్నారో తెలుపు పట్టికలిచ్చి చీటీలు పంచుమనవలెను. పిమ్మట ఒకనిని వేరొక బల్లకు మార్చి, ముగ్గురి పట్టికలనే దిద్దవలెను. నాలుగవవాని చీటీ పాత బల్లకే పోవును. వాడు శ్రద్ధగానే పనిచేసెను. వాని పట్టిక నిన్నటిది, అంతే.