హయ్ దీవికి ఎందుకు తిరిగిపోయాడు?

సంఘాన్ని వదలి అడవికి పోతే మనిషికి నిజమైన స్వేచ్ఛ లభిస్తుందా? ఈ ప్రశ్నను 12వ శతాబ్దంలో అందులూస్, అంటే నాటి ముస్లిం స్పెయిన్‌కు చెందిన తత్త్వవేత్త ఇబ్ను తుఫైల్ ఒక కథగా మలిచాడు. ఆయన అరబీ గ్రంథం ‘హయ్ ఇబ్ను యఖ్‌జాన్’ 1671లో లాటిన్‌లోకి, 1708లో ఇంగ్లీషులోకి అనువదింపబడి యూరపులో విశేష ప్రచారం పొందింది.

నిర్జనమైన దీవిలో జింక పాలు తాగి పెరిగిన హయ్, గురువు గాని గ్రంథం గాని లేకుండానే, పరిశీలన వల్లా ధ్యానం వల్లా సృష్టికర్తను తెలుసుకుంటాడు. ఏకాంతం కోరి పొరుగు దీవి నుండి వచ్చిన అబ్సాల్ అతనికి భాష నేర్పుతాడు. ఇద్దరూ ఆ పొరుగు దీవికి వెళ్ళి ప్రజలకు సత్యం బోధించబోయి విఫలులవుతారు. షరీఅత్‌నే అంటిపెట్టుకొని వుండండని వారికి చెప్పి, తమ దీవికి మరలిపోతారు.

లోకులు సత్యాన్ని భరించలేరు గనుక జ్ఞానికి అడవే శరణ్యమని ఈ ముగింపు తోపిస్తుంది. రచయిత మొగ్గు కూడా అటే. కాని ఆయన కథే ఈ తీర్పును ప్రశ్నిస్తున్నది.

దీవిలో హయ్ మొక్కకు ఎండ తగలకుండా వున్న అడ్డు తొలగిస్తాడు. జంతువుకు గుచ్చుకున్న ముల్లు తీస్తాడు. తన జ్ఞానాన్ని గ్రహించమని వాటిని కోరడు. మనుషుల వద్ద ఈ ఓర్పు ఏమైంది? వారి ముల్లు ఎక్కడ వుందో చూడకుండానే వారిని తన శిఖరానికి రమ్మన్నాడు.

షరీఅత్ ధనార్జనను అనుమతించి, జకాత్ నియమాలు ఏర్పరచడమెందుకని హయ్ ఆశ్చర్యపోతాడు. అతని దీవిలో పేదవాడు లేడు, అప్పులపాలైనవాడు లేడు. జకాత్ ఒంటరిగా చెల్లించే విధి కాదు. పుచ్చుకొనే మనిషి ఎదుట వుండాలి. ఆ మనిషిని ఎరుగని స్వేచ్ఛ బాధ్యతను కూడా ఎరుగదు. ఆ మాటకొస్తే, జింక పాలివ్వకపోతే హయ్ బ్రతికేవాడే కాడు.

ఏకాంతాన్ని ఇస్లాం తృణీకరించలేదు. మహాప్రవక్త (స) హిరా గుహలో ధ్యానం చేశారు. కాని వహీ అవతరించాక మక్కా ప్రజల మధ్యకే వచ్చారు. వారు తిరస్కరించినా గుహను ఆశ్రయంగా చేసుకోలేదు. 1095లో బాగ్దాద్ విడిచిన ఇమామ్ గజాలీ కూడా 1106లో నైషాపూర్‌లో తిరిగి బోధనకు పూనుకున్నారు.

ఇబ్ను తుఫైల్ మాత్రం అడవికి పోయాడా? ఆయన అల్‌మొహద్ ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్‌కు ఆస్థాన వైద్యుడు. ఇబ్ను రుష్ద్‌ను ఆ ఖలీఫాకు పరిచయం చేసినవాడు. ఈ గ్రంథాన్ని సైతం ఒక మిత్రుని అభ్యర్థనకు జవాబుగానే రచించాడు. కనుక పాఠకులు హయ్ అన్వేషణను గౌరవంతో చదవాలి. అతడు తిరిగిపోవడాన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోనక్కరలేదు.