నిండుకుండ వంటి పడవ

నంద్యాల, ఆళ్ళగడ్డ సీమకు సముద్రము దూరమే గాని, పడవ అను మాట క్రొత్తది కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి ఈ సీమ మీదుగా కడపకు పోవు కాలువను 1860 దశకములో ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించినది సాగుకొరకు మాత్రమే కాదు, సరుకుల పడవలు నడచుటకు కూడ. 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. కాలక్రమమున పడవలు పోయినవి, సేద్యము నిలిచినది. నేడు ఇచ్చట విశాలమైన నీరు వెలుగోడు, అవుకు జలాశయములలోను, శ్రీశైలము ఆనకట్ట వెనుక కృష్ణలోను కలదు. ఒకదానినుండి వేరొకదానికి తెరచాపతో పోవు దారి లేదు. పడవనే రోడ్డు మీద తీసికొనిపోవలెను.

కావున, ట్రైలరుపై లాగుకొనిపోదగినదియు, రెండు మూడు రాత్రులు లోపల పండుకొన వీలైనదియు అగు చిన్న తెరచాప పడవ ఎట్లుండవలెను? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములలో, 1995 మొదలు 2002 వరకు అమెరికాలో తయారైన మాక్‌గ్రెగర్ 26ఎక్స్ పేరుపొందినది. దాని గుణదోషములు విచారింపదగినవి.

చిక్కు అంతయు బరువులో ఉన్నది. రోడ్డు తేలికను కోరును. గాలి బరువును కోరును. ఎత్తుగా గడ్డి వేసిన బండి గట్టు దిగునప్పుడు ఒరుగును. ఆళ్ళగడ్డ శిల్పులకు రాతిదిమ్మె తెచ్చు బండి అంత సులభముగ ఒరగదు; దాని బరువు క్రిందుగా ఉన్నది. తెరచాప ఎత్తిన పడవ గడ్డిబండి వంటిది. అందుకే పెద్ద పడవల అడుగున సీసమో ఇనుమో బిగింతురు. కాని ఆ సీసమును రోడ్డు వెంట లాగుట ఎవరి తరము?

26ఎక్స్ రూపకర్త ఆ బరువును ఇంటినుండి తేలేదు, చెరువునుండియే తీసికొన్నాడు. పడవ అడుగున ఒక తొట్టి కలదు. నీటిలో దింపి కవాటము తెరచినచో సుమారు 680 కిలోల నీరు లోనికి వచ్చును. ఒడ్డుకు లాగినప్పుడు ఆ నీరు కారిపోగా, మిగిలిన పడవ 1,100 కిలోలకు లోపే. నడుమనున్న దింపుడుపలకను పైకి లాగినచో 23 సెంటీమీటర్ల లోతు నీరే చాలును. ఎండకాలమున నీరు తగ్గి బురద తేలు జలాశయములకు ఇది గొప్ప సౌకర్యము. ఇంతవరకు మెచ్చుకొనదగినదే.

అయితే నీరు సీసము కాదు. సీసము నీటికంటె 11 రెట్లు బరువు. అదిగాక, బావిలో మునిగియున్న బిందె బరువు చేదువానికి తెలియదు. నీటిపైకి లేచినప్పుడే తెలియును. తొట్టిలోని నీరును అంతే. పడవ బాగుగ ఒరిగి, తొట్టి ఒకవైపు పైకి లేచిన తరువాతనే అది వెనుకకు లాగును. అందుచేత ఇట్టి పడవ మొదట త్వరగా ఒరిగి, ఆపైన నిలదొక్కుకొనును. ఎక్కినవారు భయపడుదురు గాని, ఇది అపాయము కాదు.

అపాయము వేరొకచోట ఉన్నది. నిండుకుండ తొణకదు, సగము నిండినది తొణకును. తొట్టి సగమే నిండినచో పడవ ఒరిగిన వైపునకే నీరు పరుగెత్తి మరింత ఒరిగించును. తొట్టి ఖాళీగా ఉన్నచో తేలిక పడవ మోటారుతో వేగముగ పోవును. ఆ సౌలభ్యమును అమ్మకమునకు ఆకర్షణగా చూపినారు. 2002 జూలై 4న అమెరికాలోని చాంప్లేన్ సరస్సుపై ఇట్టి పడవ 10 మందికి పైగా జనముతో, ఖాళీ తొట్టితో తలక్రిందులైనది. ఇద్దరు చిన్నపిల్లలు మరణించినారు. నడిపినవాడు త్రాగియుండెనని న్యాయస్థానము అతనిని శిక్షించినది. నేరము మనిషిదే కావచ్చును. కాని మనిషి మరచినచో మునుగునట్లుగా పడవను రూపొందించుట మంచి రూపకల్పన అగునా?

ఇచ్చట మన పుట్టిని తలచుకొనుట మంచిది. వెదురుతో అల్లిన ఆ గుండ్రని బుట్టను ఒక్కడే తలపై మోసికొనిపోవును, ట్రైలరు అక్కరలేదు. తెరచాప లేదు, గాలికి ఎదురుపోలేదు. జనము ఎక్కువైనచో పుట్టియు మునుగును. కాని అంచు నీటికి ఎంత చేరువైనదో చూచినవారందరికి తెలియును. అది తన బలహీనతను దాచుకొనదు. 26ఎక్స్ బలమంతయు కంటికి కనబడని తొట్టిలో ఉన్నది. చుక్కాని పట్టినవానికి అది నిండినదో లేదో చూచినంతనే తెలియదు.

దాని తరువాత వచ్చిన 26ఎమ్‌లో 136 కిలోల బరువును అడుగున శాశ్వతముగ అమర్చినారు. రోడ్డుపై కొంత భారము పెరిగినను, మరపునకు కొంత మందు దొరికినది. ఈ దారి సరియైనది. తొట్టి నిండినదని చుక్కాని వద్దనే చూపు గుర్తు కూడ ఉండవలెను. వెలుగోడులోనైనను, అవుకులోనైనను రేపు ఎవరైన ఇట్టి పడవను దింపదలచినచో, దాని పడకలను, వేగమును గూర్చి తరువాత అడుగవచ్చును. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు అది ఎంతవరకు ఒరిగి తిరిగి లేవగలదని ముందుగా అడుగవలెను.