గగనతల ప్రైవేట్ నెట్‌వర్కులు – జాతర ప్రత్యక్ష ప్రసారం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జాతరల ప్రత్యక్ష ప్రసారంలో డ్రోన్ ప్రధానంగా కెమెరాగానే పరిచితం. నేలమీది కెమెరాల సంకేతాలను మోసే వాహకంగా దాన్ని వాడితే దృశ్యస్వభావం ఎలా మారుతుందో కేస్లాపూర్, వేములవాడ జాతరల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసారయోగ్యమైన దృశ్యాన్ని ఎంపిక చేసే అధికారం ఎవరిదన్నదే ఇందులో కీలక ప్రశ్న అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యక్ష ప్రసారం, ప్రైవేట్ వైర్‌లెస్ నెట్‌వర్క్, డ్రోన్, నాగోబా జాతర, గోండులు, వేములవాడ.

1. ఉపోద్ఘాతం:
ఆకాశంలోని పరికరం ప్రసారానికి రెండు విధాలుగా ఉపకరిస్తుంది. ఒకటి చూడటం, రెండవది మోయటం. ఫ్రాన్స్‌లో జరిగే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఈ రెండూ కనిపిస్తాయి. హెలికాప్టర్ కెమెరా పర్వతాలను చూపుతుంది. మోటారు సైకిళ్లపై సాగే కెమెరాల సంకేతాలను ఆకాశంలో తిరిగే విమానాలు అందుకొని ప్రసారకేంద్రానికి చేరుస్తాయి. ప్రేక్షకుడు రెండవ విమానాన్ని గుర్తించడు. కానీ క్రీడాకారుడి ముఖంలోని అలసటను అతనికి చూపింది ఆ విమానమే.

ఇటీవలి ప్రైవేట్ నెట్‌వర్కులు ఈ రెండవ పనిని మరింత విస్తృతపరిచాయి. 2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో పడవలకు అమర్చిన ఫోన్ల దృశ్యాలు ప్రత్యేక 5జీ నెట్‌వర్క్ ద్వారా ప్రసారకులకు అందాయి. అక్కడి యాంటెనాలు నేలమీదివే. అటువంటి బేస్ స్టేషన్‌ను డ్రోన్‌కో బెలూన్‌కో అమర్చి పైకెత్తితే అది గగనతల నెట్‌వర్క్ అవుతుంది.

2. రెండు జాతరలు – రెండు సమస్యలు:
ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాటి రాత్రి మెస్రం వంశీయులు నాగోబాకు మహాపూజ చేస్తారు. అందుకు ముందు కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. అడవులు, గుట్టలు, పల్లెల మీదుగా సాగే ఈ నడక జాతరలో అంతర్భాగం. అయినా ప్రసారవాహనం నిలిచే చోటు ఆలయ ప్రాంగణమే కనుక జాతర అక్కడే మొదలైనట్లు ప్రేక్షకుడికి తోస్తుంది. ఇక్కడి సమస్య దూరం.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదై, 2016 పునర్విభజనతో రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన వేములవాడలో సమస్య వేరు. మహాశివరాత్రికి కోడెమొక్కు చెల్లించే భక్తులతో పట్టణం నిండిపోతుంది. టవర్లు ఉంటాయి, వేలాది ఫోన్లు ఒకేసారి దృశ్యాలు పంపుతుంటే వాటి సామర్థ్యం చాలదు. సాధారణ మొబైల్ నెట్‌వర్కులు దిగుమతికి ఎక్కువ, ఎగుమతికి తక్కువ వాటా కేటాయిస్తాయి. విలేకరి భుజాన ఉన్న పరికరంలో నాలుగు సిమ్‌లున్నా, రద్దీలో నాలుగూ ఒకేసారి మందగించవచ్చు. కెమెరాలకే కేటాయించిన ప్రైవేట్ నెట్‌వర్క్ ఈ పోటీని తప్పిస్తుంది.

3. పరిమితులు:
ఈ సాంకేతికతను సర్వరోగనివారిణిగా భావించరాదు. బ్యాటరీ డ్రోన్ ఎక్కువసేపు నిలవదు. తీగతో విద్యుత్తు అందుకునే డ్రోన్ గంటల తరబడి నిలుస్తుంది కానీ కదిలే పాదయాత్రను అనుసరించలేదు. స్థానిక నెట్‌వర్క్ చేరవేసిన దృశ్యం స్టూడియోకు వెళ్లాలంటే ఫైబర్ లేదా ఉపగ్రహం అవసరం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్‌జోన్‌లో ముందస్తు అనుమతి లేకుండా ఎగరగల ఎత్తు 120 మీటర్లే. గుట్టల నడుమ ఆ ఎత్తు చాలకపోవచ్చు. ప్రైవేట్ 5జీకి 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించినా, స్పెక్ట్రం సమకూర్చుకోవటం చిన్న ప్రసారసంస్థలకు సులభసాధ్యం కాదు.

4. దృశ్యంపై అధికారం:
పైనుంచి తీసిన దృశ్యంలో మనుషులు జనసమూహంగా మారతారు. ఎవరు నీళ్లకడవ మోస్తున్నారో, ఏ కొత్తకోడలు ‘భేటింగ్’లో దేవుడికి, వంశపెద్దలకు పరిచయమవుతున్నదో అందులో తెలియదు. వాహకంగా మారిన డ్రోన్ ఈ లోపాన్ని కొంత సరిచేయగలదు. కెమెరా నడిచేవారి చేతికి వస్తుంది. మెస్రం యువతీయువకులే దృశ్యకర్తలు కాగలరు.

అయితే కెమెరా చేరువైనకొద్దీ గోప్యతాప్రశ్న తీవ్రమవుతుంది. మహాపూజలో బయటివారికి చూపదగినదేదో నిర్ణయించవలసింది వంశపెద్దలు. పది కెమెరాలు గ్రామస్తుల చేతుల్లో ఉన్నా, దృశ్యాలను ఎంచే బల్ల హైదరాబాద్‌లోనే ఉంటే అధికారం మారినట్లు కాదు. భాష విషయమూ అంతే. గోండి మాటలపై తెలుగు వ్యాఖ్యానం నిరంతరాయంగా పరుచుకుంటే, సంకేతం చేరినా గొంతు చేరదు. క్రిస్టాఫ్ హైమెన్‌డార్ఫ్ చొరవతో మొదలైన దర్బారులో గిరిజనులు తమ సమస్యలను అధికారుల ముందు ఉంచుతారు. ప్రసారం అధికారుల ప్రసంగాలకు పరిమితమై అర్జీదారుడి మాటను విడిచిపెడితే దర్బారు అర్థమే తలకిందులవుతుంది.

5. ముగింపు:
కేస్లాపూర్‌కు దూరాన్ని, వేములవాడకు రద్దీని అధిగమించటంలో గగనతల నెట్‌వర్క్ తోడ్పడగలదు. కానీ దాని సాఫల్యాన్ని సంకేతవేగంతో మాత్రమే కొలవటం అసమగ్రం. కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఏ దృశ్యాన్ని ఆపే హక్కు ఎవరికుంది, ఏ భాష వినిపించింది అన్న మూడు ప్రశ్నలు జాతర ప్రసారాల విమర్శకు ప్రమాణాలు కావాలి. మాధ్యమ అధ్యయనాలు సాంకేతిక వివరాలను ఇంజనీర్లకు, ఆచారవివరాలను జానపద పరిశోధకులకు వదిలివేయకుండా, రెండింటినీ కలిపి చదివినప్పుడే ఈ ప్రశ్నలకు సమాధానాలు లభిస్తాయి.